ఆఖరి రెండు నిమిషాలు ఇంకా రాలేదు

జూన్ మూడో శనివారం, విస్కాన్సిన్.
ఎనిమిదైనా పొద్దు గుంకలేదు,
స్కోరుబోర్డు భుజం మీంచి సూటిగా కళ్లలోకి కొడుతోంది.
అల్యూమినియం బెంచీ పెనంలా కాలుతోంది.
పక్కన ఆర్లిస్ ట్వెట్, ఎనభై ఒకటి,
తన మెత్త సగం నా వైపు జరిపింది.
"మొదటి వారం పోటీకి పోయేదేంటి,
పచ్చి పిండి రుచి చూడ్డానికా అంటుంది మా కోడలు.
నాకు పచ్చి పిండే ఇష్టం."

దోమల మందు వాసన, వేగుతున్న చీజ్ వాసన.
కంచె అవతల మోకాలెత్తు మొక్కజొన్న,
ఇంకా గింజ సంగతే తెలియదు దానికి.

ప్రెయిరీ ల్యాంటర్న్స్ వచ్చారు.
యూనిఫాంలు ఇంకా మిషన్ల కిందే ఉన్నాయట.
నల్ల టీషర్టులు, పొట్టి నిక్కర్లు,
మేజోడు దగ్గర ఆగిపోయిన ఎండ,
ఒక్కో కాలికి రెండేసి రంగులు.
నూట ముప్పై మంది నడిచొస్తే
గడ్డి ఒక్కటే మాట్లాడింది.
డ్రమ్ మేజర్ పిల్ల నిచ్చెనెక్కి చేతులెత్తింది.
పైవరసలో ఎవరి బిడ్డో పాప్‌కార్న్ కోసం రాగం తీశాడు,
ఆ రాగం మీదుగా విరుచుకుపడింది
ఇత్తడి.

ముందు తెలిసింది చెవికి కాదు, బెంచీకి.
బెంచీ చెప్పాక వెన్నుకి.
ఆ తర్వాత, తీరిగ్గా, నాకు.

తప్పులు? ఉన్నాయి, బోలెడు.
ట్రంపెట్ల వంపు ఒకచోట
పందిరి దొరకని తీగలా వేలాడింది.
ఒక కుర్రాడు రెండడుగులు ఎక్కువేసి
ఎవరిదీ కాని చోట నిలబడ్డాడు,
తెలిసింది, ముఖం కదల్లేదు,
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.
తొమ్మిది స్నేర్ డ్రమ్ములు
ఒకటే అనిపించేంత దగ్గరికొచ్చి
చివరి గజంలో చెదిరాయి, మంగలంలో పేలాల్లా.
నలభై ఆరేళ్ల కిందట
అలాంటి వరసలో ఎడమ నుంచి మూడోవాణ్ణి.
నా వేళ్లు మోకాలి మీద వాయిస్తున్నాయని
ఆర్లిస్ మెల్లగా చెయ్యి పెట్టేదాకా నాకు తెలీదు.
"నువ్వు తొందరపడుతున్నావు," అంది.
అప్పుడూ అదే అనేవాళ్లు.

ఆకాశంలోకి విసిరిన చెక్క తుపాకి
ఆరు చుట్లు తిరిగి అరచేతిని తప్పించుకుని పడింది.
పిల్ల వంగలేదు. ఖాళీ చేతులతోనే
ఉన్నట్టుగా తిప్పింది, పట్టుకుంది, దించింది.
లెక్క వచ్చాక, ఆ లెక్క మీదే, వంగి తీసుకుంది.
పడ్డదాన్ని తీయడానికీ ఒక వేళ ఉంటుందని
అరవై ఐదేళ్లొచ్చినా నాకెవరూ చెప్పలేదు.

ఎనిమిదో నిమిషంలో ఆగిపోయారు.
అంతే. ఆట అక్కడి దాకే వచ్చింది.
తక్కిన రెండు నిమిషాలు ఎవరి పెట్టెలోనో, కాగితం మీద ఉన్నాయి.
చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక
జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.
పిల్లలు అర్ధచంద్రంలా దగ్గరికి జరిగి,
కదలకుండా, రోజూ పొద్దున గొంతు సవరించుకునే
నెమ్మదైన పాట ఒకటి వాయించారు.
ఎవరూ ఎవరినీ దాటలేదు.
ఆర్లిస్ లేచి నిలబడింది, మోకాళ్ల నొప్పితో సహా.

అరవై ఒకటి పాయింట్ నాలుగు.
నిరుడు ఆగస్టులో ఈ జట్టుకే ఎనభై ఎనిమిది.
అంకె వినపడ్డా వరసలో రెప్ప పడలేదు.
తాళాల కుర్రాడు మాత్రం
దోమ కుట్టిన చీలమండని
రెండో బూటుతో రహస్యంగా గోక్కున్నాడు.

పార్కింగులో వంటబండి దగ్గర
ట్యూబా పిల్లాడు నిలబడే నాలుగు శాండ్‌విచ్‌లు తిన్నాడు.
రాత్రికి రాత్రే మూడువందల మైళ్లు పోవాలి,
పడక ఏదో బడి వ్యాయామశాల నేల మీద.
"ఆగస్టులో ఫైనల్స్‌కి వస్తావా?" అంది ఆర్లిస్.
టికెట్టు ఖరీదన్నాను.
అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

దీపస్తంభం కింద ఆ తుపాకి పిల్ల,
మణికట్టుకి తెల్లటి టేపు,
పైకి విసురుతోంది, పెదాలు కదుపుతోంది.
ఐదు, ఆరు, ఏడు.
ఎనిమిది నాకు వినపడలేదు,
పక్కన బస్సు స్టార్టయింది.